జపాన్ కంపెనీ అయితే చాలా?

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. శ్రీసిటీలో జాబ్ ఆఫర్ వచ్చిందట. "జపాన్ కంపెనీ అన్నా! పొల్యూషన్ గిల్యూషన్ ఏమీ ఉండదు" అన్నాడు. సరేలే అన్నాను గానీ ఆ మాట బుర్రలో ఉండిపోయింది. ఓనర్ విదేశీయుడైతే ఫ్యాక్టరీ శుభ్రంగా ఉన్నట్టేనా?

మన ఊరి కథే చూడండి. 'అమరాన్' బ్యాటరీ తయారుచేసే అమరరాజాలో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌కు ఒకప్పుడు 26 శాతం వాటా ఉండేది. ఏళ్ల భాగస్వామ్య ఒప్పందం 2019లో ముగిసింది. అయినా చెప్పుకోదగ్గ విదేశీ వాటా కొనసాగింది. 2021 ఏప్రిల్‌లో తిరుపతి పక్కన కరకంబాడి, చిత్తూరు వైపు నూనెగుండ్లపల్లి యూనిట్లను మూసేయమని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. కారణంగా చూపింది సీసం కాలుష్యం. నిబంధనలు పాటిస్తున్నామంది కంపెనీ. హైకోర్టు ఆ ఆదేశాలను సస్పెండ్ చేసింది.

ఎవరిది రైటో తేల్చడం నా పని కాదు. కానీ ఒకటి అర్థమైంది. విదేశీ భాగస్వామి వస్తే టెక్నాలజీ, ఆడిట్లు, కొత్త రూల్స్ వస్తాయి, నిజమే. అయినా సీసంతో చేసే పనిలో రిస్క్ సీసంతోనే ఉంటుంది. ఏం తయారుచేస్తున్నారు, ఎంత పెద్ద కంపెనీ, ఎవరికి లెక్క చెప్పాలి అన్నవీ చూడాలి.

ఆ లెక్క దగ్గరే అసలు తిరకాసు. సెబీ రూల్ ప్రకారం మార్కెట్ విలువలో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి 'బీఆర్‌ఎస్‌ఆర్' రిపోర్ట్ తప్పనిసరిగా ఇవ్వాలి. నీళ్లు, కరెంటు, వ్యర్థాలు, కార్మికుల ప్రమాదాలు అన్నీ అందులో ఉంటాయి. అమరరాజా రిపోర్ట్ ఫోన్‌లోనే చదవొచ్చు. శ్రీసిటీలోని ఇసుజు, డైకిన్‌ల ఇండియా కంపెనీలు మన స్టాక్ మార్కెట్‌లో లేవు. వాటికి ఆ రూల్ వర్తించదు. జపాన్‌లోని మాతృసంస్థ ప్రపంచం మొత్తానికీ లెక్క చెబుతుంది. సత్యవేడు దగ్గర ఎన్ని నీళ్లు వాడారో అందులో వెతికి పట్టుకోవడం కష్టం.

లాభాల్లో 2 శాతం సీఎస్‌ఆర్ ఖర్చు మాత్రం అర్హత పరిధిలోకొచ్చే విదేశీ సంస్థలకూ ఉంది. అయితే బడికి బెంచీలు ఇచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీ మురుగునీరు శుభ్రమైపోదు కదా!

అందుకే మా తమ్ముడికి చెప్పాను: "చేరేముందు రెండు అడుగు. వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి? ఆ లెక్క ఊరివాళ్లకు చూపిస్తారా?"

"హెచ్‌ఆర్ ఏమనుకుంటారో అన్నా!" అన్నాడు.

"ఏమీ అనుకోరు. రేపు ఆ నీళ్లు తాగేది మనోళ్లే కదరా!" అన్నాను.