చార్న్‌లీ చిన్న గుండు

"తుంటి కీలు అరిగిపోతే కొత్తది వేస్తారు సరే, ఆ కొత్తది మాత్రం అరగదా సార్?" ఘర్షణ పాఠం చెబుతుంటే ఓ అమ్మాయి అడిగింది. వాళ్ల తాతయ్య ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఏళ్లుగా ఊగిసలాడుతున్నాడట. అరుగుతుందమ్మా. కాకపోతే ఎంత నెమ్మదిగా అరిగేలా చేయగలమన్నదే అసలు సంగతి. దానికోసమే ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు.

అప్పట్లో అరిగిన తొడ ఎముక తలకు బదులుగా ఫ్రాన్స్‌కు చెందిన జూడే సోదరుల యాక్రిలిక్ గుండు వాడుకలో ఉండేది. అది వేయించుకున్న ఒకాయన వంగితే చాలు, తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడులో చార్న్‌లీకి ఘర్షణ వినిపించింది.

ఆయన వేసిన ఎత్తు నాకు మహా ఇష్టం. మన తొడ ఎముక తల పెద్దదే కదా, కృత్రిమ గుండూ అంతే ఉండాలని అందరూ అనుకునేవారు. నార్విచ్‌లో కెన్నెత్ మెకీ 41 మిల్లీమీటర్ల లోహపు గుండును, తుంటి గుంటలో అమర్చిన లోహపు గిన్నెలోనే తిప్పేవాడు. చార్న్‌లీ మాత్రం గుండును 22 మిల్లీమీటర్లకు కుదించాడు. ఎడ్లబండికి ఇరుసు సన్నగా ఉంటే చక్రం సులువుగా తిరిగినట్టే ఇదీ. ఘర్షణ బలం అంతే ఉన్నా, వ్యాసార్థం తగ్గితే గిన్నెను ఎముక నుంచి మెలితిప్పి వదులు చేసే టార్క్ తగ్గిపోతుంది.

అరుగుదల లెక్కా అలాంటిదే. నడకలో తుంటి దాదాపు 40 డిగ్రీలు ముందుకూ వెనక్కీ ఊగుతుందనుకోండి. ఒక్క ఊపుకు పోనూ రానూ కలిపి చిన్న గుండు ఉపరితలం ఒకటిన్నర సెంటీమీటర్లు జారుతుంది, మెకీ గుండు దాదాపు 3 సెంటీమీటర్లు. ఏడాదికి 10 లక్షల ఊపులు వేసుకున్నా చిన్నది 15 కిలోమీటర్లు రాసుకుంటే, పెద్దది 28 దాటేస్తుంది. చిన్న గుండు గిన్నెలోకి కాస్త లోతుగా దిగుతుంది, నిజమే. అందుకే గిన్నెను మందంగా చేశాడు. ఎముకలో దాన్ని పట్టి ఉంచడానికి యాక్రిలిక్ సిమెంటు వాడాడు.

ఇంత చేసినా గిన్నెకు ఎంచుకున్న టెఫ్లాన్ ముంచేసింది. కొన్నేళ్లకే అరిగిపోయి, ఆ పొడి కీలు చుట్టూ గడ్డలు కట్టింది. చార్న్‌లీ ఆ పొడిని తన తొడలోకే ఎక్కించుకుని చూశాడు. అక్కడా గడ్డలే లేచాయి.

1962లో ఒక సేల్స్‌మన్ పాలిథీన్ ముక్క తెచ్చిచ్చాడు. చార్న్‌లీ బొటనవేలి గోటితో నొక్కి చూసి, పనికిరాదని వెళ్లిపోయాడు. ఆయన టెక్నీషియన్ హ్యారీ క్రేవెన్ మాత్రం దాన్ని అరుగుదల పరీక్షించే యంత్రానికి బిగించేశాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు! అదే ఏడాది నవంబర్ నుంచి రోగులకు ఆ గిన్నెలు వేయడం మొదలైంది.

తర్వాత పాలిథీన్ పొడి కూడా చుట్టూ ఎముకను కరిగిస్తుందని తేలింది. రేడియేషన్‌తో గట్టిపరిచిన కొత్త పాలిథీన్ రావడంతో అరుగుదల బాగా తగ్గింది, కీలు సులువుగా జారిపోకుండా కాస్త పెద్ద గుండ్లూ వచ్చాయి. కింద కూర్చునే అలవాటున్న మనకు ఇది చిన్న విషయం కాదు.

2019లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం 100లో 58 కృత్రిమ తుంటి కీళ్లు 25 ఏళ్లు నిలుస్తున్నాయి. 70 దాటిన తాతయ్యకు, నొప్పితో రాత్రి నిద్ర పట్టకపోతుంటే, ఇక ఎదురుచూడటంలో లాభం కనిపించదు. 45 ఏళ్లవారి లెక్క వేరు. రెండోసారి మార్చాల్సి వస్తే ఆ ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, అప్పటికి ఎముకా కొంత పోయి ఉంటుంది. అందుకే వాళ్లు ముందు బరువు తగ్గి, వ్యాయామం చేసి, నొప్పి లేని వైపు చేత్తో కర్ర పట్టి చూడాలి. అలా అవతలి చేత్తో పట్టిన కర్ర తుంటి మీద పడే భారాన్ని ఎంతో తగ్గిస్తుంది.