సెల్‌ఫోన్ పౌచ్: నాలుగు మూలల కథ

ట్రాన్సిస్టర్ రేడియోకి తోలు తొడుగు వేసి భుజానికి తగిలించుకుని తిరిగిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఆ తొడుగును ఒకసారి గుర్తు చేసుకోండి. స్పీకరు ఎదురుగా వరసగా పొడిచిన చిల్లులు, స్టేషను మార్చే చక్రం దగ్గర కోసిన సందు, పైన మోసుకోవడానికి పట్టీ. చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ వస్తువుకు కవచం చేయబోతే ఎదురయ్యే చిక్కంతా ఆ తోలు ముక్కలోనే ఉంది. దెబ్బ లోపలికి రాకూడదు, పాట మాత్రం బయటికి రావాలి. వస్తువును కప్పాలి, వాడుకకు అడ్డం పడకూడదు. 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రీజెన్సీ టీఆర్-1 బజారుకెక్కిన తొలి ట్రాన్సిస్టర్ రేడియో. ధర 49 డాలర్ల 95 సెంట్లు. తోలు తొడుగు కావాలంటే విడిగా డబ్బు కట్టాలి.

సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో పౌచ్‌కు పెద్ద పని లేదు. నోకియా 1998లో తెచ్చిన 5110కి ముందు భాగం ప్లాస్టిక్ డొప్పను ఊడదీసి వేరే రంగుది తగిలించుకోవచ్చు. ఆ కాలపు ఫోన్లు కింద పడితే వెనక మూత ఒక మూలకి, బ్యాటరీ ఒక మూలకి ఎగిరిపోయేవి. ఏరుకుని మళ్లీ అతికిస్తే ఫోన్ పనిచేసేది. అలా విడిపోవడమే దానికి రక్ష. పడినప్పటి శక్తిలో కొంత ఆ ముక్కలు ఎగిరిపోవడానికే ఖర్చయ్యేది. తెర చిన్నది, దాని మీద ప్లాస్టిక్ రేకు. అందుకే అప్పటి పౌచ్‌లు బెల్టుకు తగిలించుకునే తోలు సంచులు, కీప్యాడ్ కనపడేలా ముందు పారదర్శకపు రేకు. దుమ్మూ చెమటా తగలకుండా ఆపితే వాటి బాధ్యత తీరేది.

2007తో కథ మారింది. ఆ ఏడాది జనవరి 9న స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌ను చూపించినప్పుడు దాని తెర మీద ఉన్నది ప్లాస్టిక్. జేబులో తాళంచెవులతో పాటు వేసుకుంటే గీతలు పడుతున్నాయని తేలాక, తెరకు గాజు వేస్తున్నట్టు జూన్ 18న యాపిల్ ప్రకటించింది. అదే నెల 29న ఫోన్ అమ్మకానికి వచ్చింది. ఆ గాజు కార్నింగ్ కంపెనీది. 1962లో ఆ కంపెనీ కెమ్‌కోర్ అనే గట్టి గాజును చేసి, కొనేవాళ్లు పెద్దగా లేక 1970ల్లో పక్కన పెట్టేసింది. ఆ పాత పరిజ్ఞానానికే మెరుగులు దిద్ది కెంటకీ రాష్ట్రంలోని హారడ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో కొత్త గాజు తయారు చేసింది. అదే గొరిల్లా గ్లాస్.

ఈ గాజు గట్టిదనం వెనక సంగతి కాసేపు ఆగి చూడదగ్గది. గాజు నొక్కుడుకు బాగా తట్టుకుంటుంది, లాగుడుకు తట్టుకోలేదు. దాని పైపొరలో కంటికి కనపడనంత సన్నటి పగుళ్లు ఎప్పుడూ ఉంటాయి. వంచినప్పుడు సాగే వైపున ఆ పగుళ్ల కొసల దగ్గర బలమంతా పోగుపడి, ఏదో ఒకటి తెరుచుకుని పరుగెత్తుతుంది. గాజు ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు బలహీనంగా ఎందుకుంటుందో గ్రిఫిత్ అనే ఆంగ్లేయ ఇంజినీరు 1921లో అచ్చయిన పరిశోధనలో ఇలాగే వివరించాడు. దీనికి విరుగుడుగా ఫోన్ గాజును 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. చల్లారాక పైపొర అంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ బిగుసుకుంటుంది, పగుళ్లు మూతబడి ఉంటాయి. ఇంత చేసినా గాజు గాజే. ఆ బిగుతు పొర చాలా పలచన. కంకర రాయి మొన దాన్ని చీల్చుకుని లోపలికి దిగితే ఆపేది ఏమీ లేదు.

2010లో వచ్చిన ఐఫోన్ 4కి ముందూ గాజే, వెనకా గాజే. చుట్టూ ఉన్న ఉక్కు పట్టీయే యాంటెన్నా. ఎడమవైపు కింది భాగంలో ఒక సన్నటి సందు ఉండేది. చేత్తో పట్టుకున్నప్పుడు అరచెయ్యి ఆ సందును కలిపేస్తే సిగ్నల్ పడిపోయేది. జూలై 16న విలేకరుల సమావేశం పెట్టి, కొన్నవాళ్లకు ఉచితంగా కేసు ఇస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. అప్పటికే 29 డాలర్లకు అమ్ముతున్న బంపర్ అనే రబ్బరు అంచు చేతికీ లోహానికీ మధ్య అడ్డుపడి సిగ్నల్‌ను నిలబెట్టింది. ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక ఫోన్ లోపాన్ని పౌచ్ సరిదిద్దింది. దీనికి తిరగేసిన నీతి కూడా ఉంది. లోహపు రేకులతో చేసిన కవర్లు అదే సిగ్నల్‌కు అడ్డం పడతాయి. అవి చూడ్డానికి ఎంత దిట్టంగా ఉన్నా నేను ఎవరికీ చెప్పను.

వైర్‌లెస్ ఛార్జింగ్ వచ్చాక వెనక గాజు చాలా ఫోన్లకు వచ్చేసింది. ఛార్జరు పుట్టించే అయస్కాంత క్షేత్రం లోహపు వీపును దాటి లోపలికి వెళ్లలేదు, గాజును దాటుతుంది. రెండు వైపులా గాజుతో తిరుగుతున్నాం కాబట్టి పౌచ్‌కు శాశ్వతమైన కొలువు దొరికింది.

ఇప్పుడు అసలు విషయం. 200 గ్రాముల ఫోన్ మీటరు ఎత్తునుంచి చెయ్యి జారింది. నేలను చేరడానికి అర సెకను కూడా పట్టదు. చేరేటప్పటికి వేగం గంటకు సుమారు 16 కిలోమీటర్లు. దెబ్బ ఎంత అనేది ఆ వేగాన్ని ఎంత దూరంలో చంపుకుంటుంది అన్నదాని మీద ఉంటుంది. లెక్క సులువే: పడిన ఎత్తును ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే, ఫోన్ తన బరువుకు ఎన్ని రెట్ల బలాన్ని ఓర్చుకోవాలో తెలుస్తుంది. ఒట్టి ఫోన్ అర మిల్లీమీటరులో ఆగిందనుకుందాం. మీటరులో అర మిల్లీమీటర్లు 2000. అంటే ఆ క్షణంలో దాని మీద పడేది సగటున 400 కిలోల బరువుతో సమానం. మెత్తటి అంచు తోడై అది 2 మిల్లీమీటర్లలో ఆగితే బలం 500 రెట్లకు, అంటే 100 కిలోలకు దిగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరు సాగుదలకు 300 కిలోల భారం తగ్గింది. పౌచ్ చేసే గొప్ప పని ఇదే.

చెయ్యి జారిన ఫోన్ తిరుగుతూ పడుతుంది కాబట్టి తరచూ మూల మీదో అంచు మీదో దిగుతుంది. వెల్లకిలా పడితే బలం ఒళ్లంతా పరుచుకుంటుంది. మూల మీద పడితే అంతా ఒక్క చుక్కలో దిగి, చట్రాన్ని వంచి, దానితో పాటు గాజునీ వంచుతుంది. కనుక పౌచ్ కొనేటప్పుడు వీపు మీద బొమ్మ కన్నా ముందు మూలలు చూడాలి. బొటనవేలితో మూలను నొక్కితే అది లోపలికి కొద్దిగా దిగాలి, వదిలితే నెమ్మదిగా లేవాలి. మంచి పౌచ్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే మూలల లోపల చిన్న ఖాళీ గూళ్లు కనిపిస్తాయి. వాటిని డిజైన్ అనుకునేవాళ్లు చాలామంది. రబ్బరు జాతి పదార్థాలను నొక్కితే పరిమాణం దాదాపు తగ్గదు, ఆకారమే మారుతుంది. ఒకవైపు నొక్కితే మరోవైపు ఉబ్బాలి. ఉబ్బడానికి చోటు లేకపోతే అంత మెత్తటి పదార్థమూ దిమ్మలా బిగుసుకుపోతుంది. ఆ గూళ్లు ఆ చోటు ఇస్తాయి. లావుగా, బరువుగా ఉండి లోపల గూడు లేని పౌచ్ కన్నా, సన్నగా ఉండి మూలల్లో గూళ్లున్నది మేలు కావడానికి కారణం ఇదే.

ఈ మెత్తదనం ఇచ్చే పదార్థం పేరు టీపీయూ, పాలీయూరిథేన్ కుటుంబంలోది. 1937లో జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఓటో బేయర్ బృందం పాలీయూరిథేన్‌ను కనిపెట్టింది. పరుపుల్లో ఫోమ్, బూట్ల అట్టలు, ఫ్రిజ్ గోడల్లో పొర అన్నీ ఆ వంశమే. టీపీయూ అణుగొలుసుల్లో కొన్ని ముక్కలు మెత్తగా చుట్టలు చుట్టుకుని ఉంటాయి, కొన్ని గట్టిగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మెత్తటివి సాగి దెబ్బను మింగుతాయి, గట్టివి ఆకారాన్ని వెనక్కి లాక్కొస్తాయి. మింగిన శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది కాబట్టి ఫోన్ బంతిలా ఎగిరెగిరి పడదు. వేడి చేస్తే ఆ గట్టి ముడులు వీడి పదార్థం కరుగుతుంది. అందుకే గింజలుగా తెచ్చి, కరిగించి, ఉక్కు అచ్చులోకి చిమ్మి నిమిషాల్లో పౌచ్‌లు తీస్తారు. ఇక గట్టి వీపు కోసం వాడే పాలీకార్బనేట్‌ను 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ కొద్ది రోజుల తేడాలో ఎవరికి వారే కనిపెట్టారు. అపోలో వ్యోమగాముల శిరస్త్రాణాలు దానితో చేసినవే. అంచు మెత్తగా, వీపు గట్టిగా ఉండే జంట పౌచ్‌లు ఈ రెంటి కలయిక. నాకు నచ్చిన రకం అదే.

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కో, కోఠీ గుజరాతీ గల్లీకో వెళ్తే "మిలిటరీ గ్రేడ్ అన్నా, పడేసినా ఏం కాదు" అన్న మాట వినపడుతుంది. ఆ మాట వెనక ఉన్నది ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనే అమెరికా రక్షణ శాఖ ప్రమాణం. 1962 నుంచి ఉంది. చాలా పెట్టెల మీద కనిపించే 810జీ రూపం ప్రకారం వస్తువును 48 అంగుళాల ఎత్తునుంచి 26 సార్లు పడేయాలి. ఎందుకు 26 అంటే, పెట్టె ఆకారానికి మూలలు 8, అంచులు 12, ముఖాలు 6. ఒక్కోదాని మీద ఒక్కోసారి. అయితే ఆ 26 దెబ్బలూ ఒకే వస్తువు తినాలని లేదు, అయిదు నమూనాల వరకు పంచవచ్చు. కింద ఉండేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్. పరీక్ష చేసి ముద్ర వేసే సైనికాధికారి ఎవరూ ఉండరు, తయారీదారు తానే చేయించుకుని తానే ప్రకటించుకుంటాడు. మన ఇళ్లలో ఉండేది తాండూరు నాపరాయి, కడప బండ, గ్రానైటు. ప్లైవుడ్ కాస్తయినా లొంగుతుంది, ఇవి లొంగవు. ఆ ముద్ర ఉన్న పౌచ్ చెడ్డదని కాదు. ముద్ర చూసి మూల నొక్కి చూడ్డం మానేయకూడదు.

దుకాణంలోనే చేయదగ్గ ఇంకో పరీక్ష ఉంది. పౌచ్ తొడిగి ఫోన్‌ను గల్లా బల్ల మీద బోర్లా పెట్టండి. తెరకూ బల్లకూ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. ఆ అంచే తెరను నేలకు తగలనివ్వదు. కెమెరా చుట్టూ ఉన్న గట్టు కూడా కెమెరా అద్దం కన్నా ఎత్తుగా ఉండాలి. సమతలం మీద ఈ అంచు బాగా కాస్తుంది. కంకర రోడ్డు మీద రాయి అంచు దాటి తెరనే గుచ్చుతుంది కాబట్టి టెంపర్డ్ గ్లాస్ వేరే వేసుకోవాలి. పౌచ్ లోపలి వీపున సన్నటి చుక్కలుంటే మంచిదే. నున్నటి టీపీయూ నున్నటి ఫోన్ వీపుకు అతుక్కుని తడి మరకలా కనపడకుండా అవి రెంటినీ కాస్త ఎడంగా ఉంచుతాయి.

పారదర్శక పౌచ్ కొన్ని నెలలకే పసుపెక్కిపోతుందన్న బాధ ఇంటింటిదీ. అది మురికి కాదు, తోమితే పోదు. చవక టీపీయూలోని బెంజీన్ వలయాల రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు, వేడికి ఆక్సీకరణ చెంది పసుపు రంగు పదార్థాలుగా మారతాయి. తెల్ల పంచెకు నీలిమందు పెట్టినట్టు, కొందరు తయారీదారులు గింజల్లో ఇసుమంత నీలం కలిపి మొదట్లో ఆ పసుపును కప్పుతారు. వలయాలు లేని మరో రకం టీపీయూ చాలా కాలం తెల్లగా ఉంటుంది, ఖరీదు ఎక్కువ. రంగు మారినంత మాత్రాన పౌచ్ మానేయక్కర్లేదు. మూలలు వదులై, అంచు ఫోన్ నుంచి జారుతుంటే మాత్రం మార్చేయాలి.

మన ఎండలకు సంబంధించిన జాగ్రత్త ఒకటి చెప్పాలి. టీపీయూ ఉష్ణాన్ని చాలా నెమ్మదిగా పోనిస్తుంది, అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వెయ్యో వంతు. లిథియం బ్యాటరీకి వేడి పడదు. 35 డిగ్రీలు దాటిన చోట వాడితే బ్యాటరీ సత్తా శాశ్వతంగా తగ్గవచ్చని ఐఫోన్ తయారీదారే హెచ్చరిస్తాడు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల పగటి వేళ నీడలో కూడా వేడి తరచూ అంతకు మించి ఉంటుంది. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, ఛార్జింగ్ పెట్టి, మ్యాపు చూసుకుంటూ సరుకులు చేరవేసే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలని నా గట్టి కోరిక. ఛార్జింగ్‌లో ఫోన్ చేతికి వేడిగా తగిలితే పౌచ్ తీసేయాలి. కారులో అయస్కాంతపు స్టాండు కోసం పౌచ్ లోపల ఇనుప బిళ్ల పెట్టుకునేవాళ్లు వైర్‌లెస్ ఛార్జింగ్‌కు ముందు దాన్ని తీయాలి, లేకపోతే ఆ బిళ్లలో సుడి ప్రవాహాలు పుట్టి అదే కాలుతుంది. అయస్కాంతం ఉన్న కేసులను గుండెలో పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు చొక్కా జేబులో వేసుకోకూడదు, కనీసం 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి.

చివరగా ఇసుక. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. గట్టిదనం కొలిచే మోస్ కొలతలో క్వార్ట్జ్ 7, ఫోన్ గాజు దానికన్నా కింద ఉంటుంది. పౌచ్‌కూ ఫోన్‌కూ మధ్య చేరిన రేణువు జేబులో కదిలినప్పుడల్లా గీస్తుంది. వారానికోసారి పౌచ్ ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, ఫోన్ అంచులు మెత్తటి బట్టతో తుడిచి, పౌచ్ పూర్తిగా ఆరాకే మళ్లీ తొడగండి.