చేతికి మాత్రమే మత్తు: ఏ మందు మేలు?

బెంగళూరు హైవే మీదున్న షాద్‌నగర్‌లో విరిగిన మణికట్టు కొత్త సంగతి కాదు. దాన్ని సరిచేయడానికి ప్రతిసారీ మనిషిని నిద్రపుచ్చనక్కర్లేదు. దండచేతికి గాలిపట్టీ బిగించి, రక్తం రాకపోకలు ఆపి, సెలైన్ ఎక్కించే నరంలోకే మత్తుమందు ఇస్తారు. చేయి కాసేపట్లో మొద్దుబారుతుంది. 1908లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్ ప్రొకెయిన్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది.

నొప్పి తెలియనివ్వకపోవడంలో నేటి మందుల మధ్య పెద్ద తేడా లేదు. అసలు తేడా పట్టీ జారి, మందంతా ఒక్కసారిగా గుండెకు చేరినప్పుడు బయటపడుతుంది. బుపివకెయిన్ అలా చేరితే ఆగిన గుండెను మళ్లీ నడిపించడం చాలా కష్టం. 1980ల మొదట్లో బ్రిటన్‌లో మరణాలు జరిగాక ఈ పనికి దాన్ని మానేశారు. ప్రిలోకెయిన్ ఒంట్లో త్వరగా విరిగిపోతుంది కనుక ముప్పు తక్కువ. మోతాదు మీరితే మాత్రం రక్తం ఆక్సిజన్ మోయలేక పెదవులు నీలమవుతాయి. మన దగ్గర ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల లెక్కన, 60 కిలోల మనిషికి 180. అర శాతం మందైతే 36 మిల్లీలీటర్లు. ఆపరేషన్ ఐదు నిమిషాల్లో ముగిసినా 20 నిమిషాల లోపు పట్టీ వదలకూడదు.

మత్తు క్షేమమా కాదా తేల్చే పరీక్షలకు 1889లో ఆరో నిజాం 1000 పౌన్లు ఇచ్చారు. అప్పటి మందు క్లోరోఫామ్. మన దాతలు ఆసుపత్రికి సాయం చేసేటప్పుడు మందుల బిల్లుతో పాటు గాలి జారని జంట పట్టీ, గుండె మానిటర్, ఆక్సిజన్ ఉన్నాయో లేదో కూడా అడగాలని మా మనవి.