ఎగిరితేనే లెక్క!

చూడ్డానికి కోడిపెట్ట అంత ఉంటుంది. గడ్డిలో నక్కితే పక్కనుంచి వెళ్లినా కనపడదు. కానీ వానలు పడి గడ్డి పెరిగిందంటే చాలు, మగపక్షి ఉన్నట్టుండి మనిషి ఎత్తు దాకా గాల్లోకి గెంతుతుంది. ఆ వెంటనే మళ్లీ గడ్డిలో మాయం! ఆడపక్షి కంట పడడానికి రోజుకు 500 సార్ల దాకా ఇలా ఎగురుతుంది.

అదే లెస్సర్ ఫ్లోరికన్. మన తెలుగు పేరు నేల నెమలి. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి మైదానాల్లోనూ తిరిగిన పక్షే. ఇప్పుడు దేశం మొత్తమ్మీద కొన్ని వందలే మిగిలాయని అంచనా. 2021లో దీన్ని ‘అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రం’ అన్న జాబితాలో చేర్చారు.

జులై నుంచి సెప్టెంబరు దాకా జత కట్టే కాలం. రాజస్థాన్‌లోని అజ్మీర్, మధ్యప్రదేశ్‌లోని సైలానా, గుజరాత్ గడ్డి భూముల్లో వీటిని లెక్కిస్తారు. అటవీ సిబ్బందికి, శాస్త్రవేత్తలకు తోడుగా వాలంటీర్లూ వెళ్తుంటారు.

ఇంతకీ చేసే పనేంటి? తెల్లవారుజామున, సాయంత్రం దూరంగా కూర్చుని బైనాక్యులర్‌తో చూడడం. ఏ పక్షి ఎక్కడ, ఎన్ని గంటలకు ఎగిరిందో రాసుకోవడం. మగపక్షి రోజూ దాదాపు ఒకేచోట ఎగురుతుంది కాబట్టి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం తక్కువ. ఆడపక్షులు దాదాపు కనపడవు, అందుకే లెక్కంతా మగవాటిదే. ఒక్కటీ కనపడని రోజూ ఉంటుంది. ఆ ‘సున్నా’ కూడా రాయాల్సిందే. పక్షులు ఎక్కడ తగ్గిపోతున్నాయో తెలిసేది దానివల్లే.

గడ్డి భూమిని చాలామంది ‘ఖాళీ జాగా’ అనుకుంటారు. దున్నేస్తారు, కట్టేస్తారు. చోటు లేక నేల నెమళ్లు సోయా, పెసర చేలల్లోకి వస్తున్నాయి. గూడు నేలమీదే కాబట్టి కుక్కలతో, కోతలతో గుడ్లకు ముప్పు. అందుకే పక్షి ఆచూకీ చెప్పి కాపాడిన రైతులకు మధ్యప్రదేశ్ అటవీ శాఖ నగదు బహుమతులిచ్చింది.

మీకూ వెళ్లాలనుందా? అటవీ శాఖ అనుమతి ఉన్న బృందంతోనే వెళ్లండి. మట్టిరంగు బట్టలు వేసుకోండి. డ్రోన్లు వద్దు, రికార్డు చేసిన కూత వినిపించి పిలవొద్దు, గూటి వైపు అసలే పోవద్దు. ఫొటో దొరికినా లొకేషన్‌తో స్టేటస్ పెట్టకండి. మీ పోస్టు చూసి పది బైకులొస్తే ఆ పక్షి ఎగరడం మానేస్తుంది. ఎగరకపోతే జత దొరకదు. జత దొరక్కపోతే వచ్చే ఏడాది లెక్కపెట్టడానికి ఏమీ మిగలదు.