సాక్ష్యం చెప్పిన తరువాత వచ్చే భయం



కమలాపురంలో ఒక ఇంటి కూడిక ముగిసి అందరూ వెళ్ళిపోయాక, ఒక సహోదరి మాతో మాట్లాడాలని ఆగారు. రెండేళ్ళ క్రితం ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. తరువాత వచ్చిన కోత పండుగలో సంఘం ముందు నిలబడి, ప్రభువు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పారు. ఇప్పుడు మూడు వారాలుగా నడుము నొప్పి. భర్తకు చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. "అందరి ముందర సాక్ష్యం చెప్పినాను కదా అయ్యగారూ. మళ్ళీ నొప్పి అంటే నగరా? నాకు విశ్వాసం లేదనరా?" అని అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది ఆమె కాదు, మన సంఘాలు. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాము.

చికిత్స జరుగుతున్నన్నాళ్ళు మనిషికి భయపడే తీరిక కూడా ఉండదు. ఫలానా రోజు రక్త పరీక్ష, ఫలానా రోజు కీమో అని తేదీలు నడిపిస్తాయి. అన్నీ ముగిసి, "మూడు నెలల తరువాత రండి" అని డాక్టరు పంపించిన రోజు నుంచి అసలు భయం మొదలవుతుంది. మొదటిసారి గడ్డ నొప్పి కూడా లేకుండా వచ్చింది కనుక, తన శరీరం మీద తనకే నమ్మకం పోతుంది. దగ్గు వచ్చినా అదే, తలనొప్పి వచ్చినా అదే అనిపిస్తుంది. రివ్యూ తేదీ దగ్గర పడేకొద్దీ నిద్ర పట్టదు. ఇది చాలామందిలో కనిపించేదే. దీన్ని అవిశ్వాసం అనడం తప్పు.

ఈ భయం మనుషులను రెండు తప్పుదారులు పట్టిస్తుంది. ఒకటి, దాచిపెట్టడం. ఏం చెబుతారోనని డాక్టరు దగ్గరికే వెళ్ళకపోవడం. రెండవది, ప్రతి నొప్పికీ స్కాన్ కోసం పరుగెత్తడం, అర్ధరాత్రి ఫోనులో రోగ లక్షణాలు వెతకడం. మన ప్రాంతం నుంచి రాయవేలూరు వెళ్ళాలంటే రేణిగుంట మీదుగా కాట్పాడి దాకా రైలు ప్రయాణం, తోడు వచ్చినవారికి కూలి నష్టం, బస ఖర్చు. ఊరికే తిరిగితే అప్పులే మిగులుతాయి.

ఎక్కువ స్కాన్‌లు తీయిస్తే ఎక్కువ కాలం బతుకుతామా? ఇటలీలో ఈ ప్రశ్నను పరీక్షించి చూశారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన 1,320 మంది స్త్రీలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏ లక్షణమూ లేకపోయినా తరచుగా ఎముకల స్కాన్, కాలేయం స్కాన్, ఛాతీ ఎక్స్‌రే తీశారు. రెండవ గుంపుకు డాక్టరు పరీక్ష, మామోగ్రామ్ చేస్తూ, లక్షణం కనబడినప్పుడే మిగతా పరీక్షలు చేశారు. 1994లో ఫలితం ప్రచురించారు. ఆయుష్షులో తేడా కనబడలేదు. అందుకే ఈ క్యాన్సర్‌కు డాక్టర్లు సాధారణంగా మొదటి మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తరువాతి రెండేళ్ళు ఆరు నుంచి పన్నెండు నెలలకోసారి, ఆపైన ఏటా రమ్మంటారు. రొమ్ముకు మామోగ్రామ్ ఏటా చేస్తారు. మీ డాక్టరు స్కాన్ రాయలేదంటే నిర్లక్ష్యం చేశారని అనుకోకండి. అయితే కొత్త లక్షణం కనబడితే చెప్పడం మాత్రం మీ పనే.

చికిత్స వదిలివెళ్ళే బాధలు కొన్ని ఉన్నాయి. కొన్ని కీమో మందుల వల్ల అరచేతులు, అరికాళ్ళలో తిమ్మిరి నెలల తరబడి ఉండవచ్చు. అలసట కూడా అంతే. చంకలో గ్రంథులు తీసినవారికి కొన్నేళ్ళ తరువాత కూడా చేయి వాయవచ్చు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వంటి హార్మోన్ మాత్రలు వాడేవారికి కీళ్ళ నొప్పులు వస్తాయి. ఇవి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ తిరిగి వచ్చిందని కాదు. అయినా వీటిని కూడా డాక్టరుకు చెప్పాలి, ఉపశమనం ఉంటుంది. మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మరి ఏది ఎప్పుడు చెప్పాలి? ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. కొత్త బాధ ఏ రోజు మొదలైంది, ఎక్కడ, పెరుగుతోందా తగ్గుతోందా అని రోజుకు ఒక్కసారి రాయండి. రాశాక పుస్తకం మూసెయ్యండి, గంటకోసారి తడిమి చూసుకోవద్దు. రెండు వారాల్లో తగ్గకపోయినా, అంతకు ముందే పెరుగుతున్నా డాక్టరుకు చూపించండి. కొత్త గడ్డ, రాత్రి నిద్ర లేపే ఎముకల నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం కనబడితే రెండు వారాలు ఆగవద్దు. ఊపిరాడకపోవడం, ఫిట్స్, కాళ్ళు బలహీనపడటం, మూత్రం మీద అదుపు తప్పడం, కీమో జరుగుతున్నప్పుడో ముగిసిన కొద్ది వారాల్లోనో 100.4 డిగ్రీల జ్వరం రావడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కడపలోనైనా సరే, దగ్గరున్న పెద్దాసుపత్రికి పాత ఫైలు పట్టుకుని వెళ్ళండి. భయంతో నిద్ర, తిండి లేకుండా పోతే 14416కు ఫోన్ చెయ్యవచ్చు. అది ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడుతారు.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు వద్దాము. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు, దేవుడు యెషయా ద్వారా పదిహేనేళ్ళ ఆయుష్షు వాగ్దానం చేశాడు. పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించమని యెషయా చెప్పాడు. ప్రార్థనా ఉంది, మందూ ఉంది. అంత స్పష్టమైన వాగ్దానం విన్న తరువాత కూడా హిజ్కియా, నేను బాగుపడతాననడానికి గుర్తు ఏమిటని అడిగాడు. దేవుడు అతన్ని కోప్పడలేదు. ఎండ గడియారం మీద నీడను పది మెట్లు వెనక్కి నడిపించి గుర్తు ఇచ్చాడు. రాజు అడిగినదీ, మన సహోదరి రివ్యూలో డాక్టరును అడగాలనుకున్నదీ ఒకటే. దేవుడు కసురుకోని మనిషిని మనం కసురుకుంటామా?

సాక్ష్యం విషయంలో మన అలవాటు కూడా మారాలి. సమూయేలు రాయి నిలబెట్టి ఎబెనెజెరు అని పేరు పెట్టినప్పుడు, ఇంతవరకు ప్రభువు సహాయం చేశాడన్నాడు. ఇకమీదట ఏ యుద్ధమూ రాదనలేదు. మన సంఘాల్లో సాక్ష్యం ఆ "ఇంతవరకు" దగ్గర ఆగితే చాలు. అలా చెప్పినవారు రేపు నొప్పి వస్తే తల వంచుకోకుండా ప్రార్థన అడగగలరు. రోగిని మైకు ముందుకు తోసే కాపరులం, "పూర్తిగా పోయింది అని చెప్పమ్మా" అని అందించే కాపరులం ఈ విషయంలో మమ్మల్ని మేమే సరిదిద్దుకోవాలి. ఆ తప్పు మేమూ చేశాము.

సంఘస్థులు చేయగలిగినవి ఉన్నాయి. రివ్యూ తేదీ తెలుసుకుని ముందు రోజు రాత్రి వెళ్ళి కాసేపు కూర్చోండి. ఒకరు రైలులో తోడు వెళ్ళండి. పశువుల మేత, పిల్లల అన్నం ఒకరు చూసుకోండి. "ఫలానామెకు కూడా తిరగబెట్టి పోయింది" అనే కథలు మాత్రం మోసుకు వెళ్ళవద్దు.

ఆ సహోదరి మరుసటి వారం భర్తకు చెప్పి, అతనితో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పరీక్షలు చేసి, అది మాత్రల వల్ల వచ్చిన నొప్పి అని చెప్పి మందు మార్చారు. అందరికీ ఇలాగే జరుగుతుందని మేము చెప్పము. మేమెరిగిన మరో సహోదరునికి జబ్బు తిరగబెట్టింది. ఆయన మళ్ళీ చికిత్సలో ఉన్నారు, ఆదివారం ఆరాధనకు వస్తున్నారు. ఆమె విశ్వాసం గెలిచిందనీ ఆయన విశ్వాసం ఓడిందనీ అనుకోవద్దు. ఇద్దరూ తమ బాధను బయటికి చెప్పారు, ఇద్దరి పక్కనా సంఘం నిలబడింది.

భయాన్ని దాచుకుని ఈ మాటలు చదువుతున్న మీరు, ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. ఇంతవరకు సహాయం చేసిన దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.