మీకు తెలుసా? పెరట్లో ఒకటే కోర్టు, రెండు ఆటలు

పికిల్‌బాల్ కోర్టు, డబుల్స్ షటిల్ కోర్టు అంగుళం తేడా లేకుండా ఒకటే కొలత: 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు.

కారణం సులువే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో శాసనసభ్యుడు జోయెల్ ప్రిచర్డ్ ఇంటి పెరట్లో పాత షటిల్ కోర్టు ఒకటి ఉండేది. 1965 వేసవిలో ప్రిచర్డ్ వాళ్లు ఆటకు కావలసిన సామాను దొరక్క, టేబుల్ టెన్నిస్ బ్యాట్లూ చిల్లుల ప్లాస్టిక్ బంతీ పట్టుకుని అందులోకే దిగారు. అలా పుట్టిందే పికిల్‌బాల్. ఈ ఆటకంటూ మొదటి శాశ్వత కోర్టు 1967లో వెలిసింది. అదీ పెరట్లోనే, పక్కింటి స్నేహితుడిది.

అందుకే ఇంట్లో కోర్టు వేయించేవాళ్లు రెండు ఆటలకూ గీతలు గీయించుకోవచ్చు. షటిల్ సర్వీసు గీత నెట్‌కు ఆరున్నర అడుగుల దూరం, పికిల్‌బాల్ గీత ఏడడుగులు. ఆ ఆరంగుళాల సందులో గీతలు కలగాపులగం కాకుండా రంగులు మార్చాల్సిందే. నెట్ మాత్రం బాగా దిగాలి: షటిల్‌కు మధ్యలో 5 అడుగులైతే, పికిల్‌బాల్‌కు 34 అంగుళాలే.

మరి స్థలం? గీతల లోపలిది వంద గజాలు కూడా కాదు. చుట్టూ పరుగెత్తడానికి వదిలితే కనీసం 60 అడుగులకు 30, అంటే సరిగ్గా 200 గజాలు. మన ఊళ్లలో అది ఒక ఇంటి ప్లాటు!