అడవిలోని కెమెరా కన్ను

మన వ్రేలిముద్రలవలెనే యే రెండు పులుల చారలును ఒక్క తీరున నుండవు. దీని నాధారముగా గొని అడవిబాటల ప్రక్క చెట్లకు కెమెరాలు గట్టుచున్నారు. వెచ్చని మేనుగల ప్రాణి యెదుట కదలినంతనే, దగ్గఱ మనుష్యు డుండకయే ఛాయాచిత్రము పడును. 2018-19 సంవత్సరములలో జరిగిన పులుల గణనమునకు మన దేశమున 26,838 తావుల నిట్టివి నిలిపిరి. చారలనుబట్టి 2,461 పులులను వేర్వేఱుగా గుర్తించిరి. దొంగవేటగాండ్ర జాడయు వీనివలన దెలియును. మెచ్చదగిన పనియే.

అయిన నా కన్ను పులినే కాదు, పుల్ల లేఱుకొను పడతిని గూడ జూచును. ఉత్తరాఖండమందలి కార్బెట్ పులుల యభయారణ్యము చెంత పల్లెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు పరిశోధకు డొకడు 14 నెలలుండి, 270 మందితో మాటలాడి, 2024లో దన పరిశోధనను బ్రకటించెను. అచ్చటి స్త్రీలు మృగములు తొలగుటకై పాడుకొనుచు గట్టెలకు బోవుదురు. కెమెరా గనబడగానే జంకి గొంతు తగ్గించుచున్నారట. మఱి మనిషి రాక పులికి దెలియు టెట్లు?

ఇంకొక సంగతి వ్రాయుటకే చేయాడదు. కాలకృత్యమునకై పోయిన యొక యింటికోడలి చిత్రము కెమెరాలో బడగా, దానిని గొందఱు యువకులు ఫేస్‌బుక్కులో, వాట్సాపులో ద్రిప్పిరట. ఆ యూరివారు మండిపడి కంటబడిన కెమెరాల నెల్ల బగులగొట్టిరట.

కట్టెలబాట యేదో, స్త్రీలు మఱుగునకు బోవు తావేదో ఆ యూరి యాడువారికి దెలిసినట్లు కచేరీలోని పటమునకు దెలియదు. కెమెరా గట్టకమునుపే వారి నొక్కమాట యడుగవలదా?